మంచిమాట వంతు

వానలు పడుతుంటే ఎవరూ గోడలకు రంగు వేయించరు. మా రంగుల షాపులో అందరూ ఈగలు తోలుకుంటూ కూర్చునే కాలం అది. నిజానికి ఆ జోరు వానకు ఈగలు కూడా వచ్చేవి కావు. నేను చెప్పబోయేది అలాంటి ఒక వానాకాలం సంగతి. నా బతుకు మొత్తంలో నలుగురూ కలిసి నన్ను మెచ్చుకున్న కాలం అదొక్కటే. అంత ఒంటరిగా గడిచిన కాలమూ అదే.

నా పని రంగులు కలపటం. ఎవరో తమ గోడ నుంచి గోరంత పెచ్చు ఊడబీకి, కాగితంలో చుట్టి తెస్తారు. దానికి సరిపోయే రంగు కలిపి డబ్బాలో పోసి ఇవ్వాలి. చాలావరకు మిషనే చెబుతుంది. మిషన్ చెప్పాక మిగిలే కాస్త తేడాను కంటితో చూసి సరిచేయాలి. ఆ తేడా నాకు కనిపిస్తుంది, అది పోయేదాకా నాకు తోచదు. ఇందులో గొప్పేమీ లేదు. గుండీలు వంకరగా పెట్టుకున్న మనిషి ఎదురైతే కొందరికి చెయ్యి ఊరుకోదు చూడండి, అలాంటిదే.

నాకు ఆటిజం ఉంది. చిన్నప్పుడు మా ఇంట్లో ఆ మాట ఎవరికీ తెలియదు కనుక 'మొండిఘటం' అనేవారు. తెలిశాక ఒకరి తర్వాత ఒకరి దగ్గరికి తిప్పారు. ఒకాయన కళ్ళలోకి చూసి మాట్లాడమనేవాడు. ఇంకొకావిడ అంతలా చూడకు, ఎదుటివాళ్ళు హడలిపోతారు అనేది. ఒకరు చెప్పింది ఇంకొకరికి తెలియదు. వాళ్ళిద్దరి మధ్యా పడి నేను ఎదుటివాళ్ళ ముక్కు చూడటం అలవాటు చేసుకున్నాను. ఇప్పటికీ నాకు మొహాలు మరపున పడతాయి కానీ ముక్కులు మాత్రం బాగా గుర్తుంటాయి.

ఆ వానాకాలంలో వెళ్ళిన సెంటర్ అలా కాదు. అక్కడ ముగ్గురు ఒకే బల్ల చుట్టూ కూర్చునేవారు. సైకాలజిస్టుది కళ్ళజోడు నొక్కుకుపోయి గుంటలు పడ్డ పెద్ద ముక్కు. స్పీచ్ థెరపిస్టు నాకన్నా చిన్నది, వానాకాలమంతా జలుబే, ముక్కు చివర ఎర్రగా ఉండేది. ఆ అమ్మాయిని నేను మనసులో మాటలమ్మాయి అనుకునేదాన్ని. మూడో ఆయన పని మాలాంటివాళ్ళకు ఉద్యోగం చేసేచోట కావలసినవి అమర్చి పెట్టటం. ఆయన్ని ఉద్యోగాలాయన అనుకునేదాన్ని, ఆయన ముక్కు గురించి చెప్పుకోవలసిందేమీ లేదు. ముగ్గురూ నా గురించి ఒకరి చెవిన పడింది ఇంకొకరికి చెప్పుకునేవారు, ఒకే మాట మీద ఉండేవారు.

ప్రతి బుధవారం మీటింగ్. మొదలవగానే ఒక్కొక్కరూ ఆ వారంలో నాలో చూసిన మంచి ఒకటి పైకి చెప్పాలి. చివర నా గురించి నేనే ఒకటి చెప్పుకోవాలి. దాన్ని మంచిమాట వంతు అనేవారు. లోపాల ఊసే లేదు. వంతుకు ఒకటే షరతు, అది మొదటిరోజే సైకాలజిస్టు చెప్పాడు.

"ఎవరైనా మెచ్చుకోగానే 'అబ్బే, అదేం లేదండీ' అనటం మీకు చిన్నప్పటినుంచీ నేర్పేశారమ్మా. ఇక్కడ అది చెల్లదు. ఒకరు మంచిమాట చెప్తే ఇంకెవరూ కాదనకూడదు. ముఖ్యంగా మీరు. వచ్చింది వచ్చినట్టు పుచ్చుకోవటమే."

"సరే" అన్నాను. నియమమంటే నాకు ప్రాణం. ఎక్కడ నిలబడాలో గీత గీసి చెప్పేవాళ్ళంటే నాకు ఎంతో గౌరవం. ఆ రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో నేను నవ్వుకుంటూ ఉంటే పక్కనున్నావిడ జరిగి కూర్చుంది.

ఇంతకీ ఆ సెంటర్‌కు ఎందుకు వెళ్ళవలసివచ్చిందో చెప్పలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నన్ను పెంచింది మా పిన్ని. మా ఇల్లు ముందుగది, వంటగది, నా గది, అంతే. ఆ ఎండాకాలం చివర ఒకరోజు పిన్ని వంటగదిలో గిన్నె తోముతూ, తోమిందే మళ్ళీ తోముతూ నీళ్ళు నమిలింది.

"చిట్టీ, నీకు పోస్టుమాస్టరు గారు తెలుసు కదే."

"రోజూ సాయంత్రం నీకు ఫోన్ చేసే ఆయన."

"రోజూ ఏం కాదులే." పిన్ని చెవులు ఎర్రబడ్డాయి. "ఆయన రిటైరయ్యాడు. ఒక్కడే ఉంటున్నాడు. నన్ను అడిగాడు... పెళ్ళి చేసుకుందామా అని. ఈ వయసులో ఇదేం పిదపకాలం బుద్ధి అని జనం నవ్వుతారేమో."

"నువ్వేమన్నావు?"

"నీ సంగతి తేలందే నేనేం అనను. ఆయనది చిన్న ఇల్లు, ఊరికి ఆ చివర. మనిద్దరం పట్టం. నువ్వు ఇక్కడ ఒక్కదానివీ ఉండగలవని నాకు నమ్మకం కుదిరితేనే. లేదంటే లేదు. నా మీద ఒట్టు, నేనేమీ బాధపడను."

బాధపడుతుందని నాకు తెలుసు. రోజూ సాయంత్రం తలుపు అవతల నుంచి నాకు పిన్ని నవ్వు వినిపిస్తుంది. నాకు వినపడకూడదని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. కొంగు అడ్డం పెట్టుకున్నా తెలిసిపోయేంత నవ్వు అది. నాతో ఉన్నప్పుడు పిన్ని ఎన్నడూ అలా నవ్వలేదు. అందుకే, ఒక్కదాన్నీ ఉండటం నేర్పుతారని పిన్ని ఆ సెంటర్‌లో చేర్పిస్తానంటే ఒప్పుకున్నాను.

తలుపు సంగతి కూడా చెప్పాలి. రోజూ నేను తిని నా గదిలోకి వెళ్ళగానే పిన్ని వచ్చి, "ఇంకేమైనా కావాలా?" అని అడిగేది. వద్దంటే తలుపు దగ్గరికి వేసేది. గొళ్ళెం చప్పుడు నాకు పడదని తెలుసు కనుక వేలు అడ్డం పెట్టి మెల్లిగా, పసిబిడ్డ నిద్రపోతున్న గది తలుపు వేసినట్టు వేసేది. నా చిన్నప్పటి నుంచీ అంతే. పగలంతా నన్ను భరించింది కదా, సాయంత్రమైనా తనకు కాస్త ఊపిరి కావాలి కాబోలు అనుకునేదాన్ని. అందుకని నేనెప్పుడూ ఆ తలుపు తీయలేదు.

వానలు మొదలైన కొత్తలో సైకాలజిస్టు మా ఇంటికి వచ్చాడు. గొడుగు బయట విదిలించి, చెప్పులు ఒకదాని పక్కన ఒకటి పెట్టి, పిన్నితో ముందుగదిలో చాలాసేపు మాట్లాడాడు. "అదెప్పుడూ దాని గదిలోనే ఉంటుందండీ, తలుపేసుకుని. ఉలుకూ పలుకూ ఉండదు. నేనసలు ఇబ్బంది పెట్టను" అని పిన్ని చెప్పటం నాకు వినిపించింది. తర్వాత ఆయన నా గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"సాయంత్రాలు ఇక్కడే కూర్చుంటారా అమ్మా?"

"ఇక్కడే."

"ఒక్కరే?"

"ఒక్కదాన్నే."

"ఏడుపు వస్తుంటుందా?"

"రాదండీ."

అది నిజం. నాకు ఏడుపు రాదు. ఆయన ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది, కానీ పిన్ని టీ తెచ్చింది.

ఆ బుధవారం వంతులో మాటలమ్మాయి ముందుగా చెప్పింది. "అక్క కస్టమర్‌తో ఫోన్లో మాట్లాడింది. అర్థం కాని మాటని మళ్ళీ అడిగింది. నేనైతే మొహమాటపడి ఊరుకునేదాన్ని."

"మేడమ్ కలిపిన రంగు ఒక్కటీ వెనక్కి రాలేదు" అన్నాడు ఉద్యోగాలాయన.

సైకాలజిస్టు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను ఇంటికి వెళ్ళి చూశాను. మనలో ఎవరమైనా ఒక సాయంత్రం ఫోన్ లేకుండా, టీవీ లేకుండా, పక్కన మనిషి లేకుండా ఊరికే కూర్చోగలమా? గిలగిల్లాడిపోతాం. ఈమెకు ఒంటరిగా ఉండటం ఇష్టం. దాన్ని ఇన్నాళ్ళూ అందరూ లోపం అన్నారు. నేను బలం అంటాను. మనం కట్టబోయేదంతా దాని మీదే కట్టొచ్చు."

"నిజమే సార్" అంది మాటలమ్మాయి. "అసలు నేను ఆ వైపు ఆలోచించనే లేదు."

కాదు అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది మంచిమాట. వంతులో వచ్చింది. కాదనకూడదు. పైగా ఆయన నా వైపు చూస్తున్న తీరు, అంత సంతోషంగా నన్ను ఎవరైనా చూసి ఎన్నేళ్ళయిందో. నా వంతు రాగానే "రంగులు సరిగ్గా కలిపాను" అని ఊరుకున్నాను.

మీటింగ్ అయ్యాక బయట చెప్పొచ్చు కదా అని మీరు అడగొచ్చు. చాలా రోజుల తర్వాత మాటలమ్మాయి కూడా అదే అడిగింది. మంచిమాటను బయట కాదనవచ్చని నాకెవరూ చెప్పలేదు. షరతు ఎక్కడ మొదలవుతుందో చెప్పి ఎక్కడ ముగుస్తుందో చెప్పకపోతే, నేను దాన్ని ఇంటిదాకా మోసుకుపోతాను. ఈ ముక్క ఆ ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. తట్టకపోవటానికి వాళ్ళు తెలివితక్కువ వాళ్ళేం కాదు. నన్ను మెచ్చుకునే హడావిడిలో ఉన్నారు, అంతే.

ముగ్గురూ కలిసికట్టుగా పనిచేసేవాళ్ళు కదా, ఒకరి పొరపాటు ముగ్గురి పొరపాటూ కావటానికి ఎంతోసేపు పట్టలేదు. మాటలమ్మాయి అప్పటిదాకా నాతో కబుర్లు చెప్పించేది. నలుగురు మాట్లాడుకుంటుంటే మధ్యలో ఎలా దూరాలో నేర్పేది. అది మానేసి, బిల్లు కట్టటానికి ఎవరికి ఫోన్ చేయాలి, కుళాయి పాడైతే ఏమని చెప్పాలి అనే వాటిలో పడింది. "మీకు అక్కర్లేనివి మీ నెత్తిన రుద్దటం ఎందుకక్కా" అంది. ఉద్యోగాలాయన మా ఓనర్‌తో మాట్లాడి షాపులో నాకొక గది ఇప్పించాడు.

అది వెనకవైపు పాత స్టోరు గది. ఆయనే దగ్గరుండి ఖాళీ చేయించాడు. మిణుకుమిణుకుమనే ట్యూబులైటు తీయించి, కంటికి హాయిగా ఉండే బల్బు పెట్టించాడు. ఒక బల్ల, ఒక కుర్చీ, కిటికీకి లేత బూడిదరంగు తెర. "ఇక లంచ్ టైంలో మీ జోలికి ఎవరూ రారు మేడమ్" అన్నాడు. ఆయన నుదుటి మీద చెమట, చొక్కా మీద దుమ్ము. నాకోసం ఎవరూ అంత ప్రేమగా ఏదీ అమర్చి పెట్టలేదు. నేను థాంక్స్ చెప్పాను. కుర్చీ ఒక్కటే ఉందేమిటని అడగలేదు.

ఆ గది గోడకు అవతలే అందరూ కూర్చుని తినే పొడుగు బల్ల. అంతకుముందు నేను ఆ బల్ల చివర కూర్చునేదాన్ని. నేను మాట్లాడేది ఏమీ ఉండదు. బిల్లింగ్ కౌంటర్లో ఉండే అక్క మాత్రం ఆపకుండా మాట్లాడేది. ఓనర్ నడకను, కస్టమర్ల బేరాలను చేసి చూపించేది, తన జోక్‌కు తానే ముందు నవ్వేది. ఆవిడ నవ్వు నా చెవిలో సూదిలా గుచ్చుకుంటుంది. అది అబద్ధం కాదు. గుచ్చుకున్నా నాకది కావాలి. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటాయని ఎవరికీ ఎలా చెప్పాలో నాకు తెలియదు.

బేరాల్లేని కాలం కనుక భోజనాలు సాగేవి. బయట వాన, లోపల వాళ్ళ కబుర్లు. నేను నా గదిలో అన్నం డబ్బా ముందు పెట్టుకుని గోడకు దగ్గరగా కూర్చునేదాన్ని. గోడ మాటలను మింగేసి నవ్వులను మాత్రం వదిలేది. ఏం అన్నందుకు నవ్వుతున్నారో తెలియకుండా నవ్వు వినటం కంటే కష్టమైన పని నేను చేయలేదు.

ఒకరోజు ఉండబట్టలేక డబ్బా పట్టుకుని ఆ గుమ్మం దగ్గరికి వెళ్ళాను. బిల్లింగ్ అక్క నన్ను చూసి సగం మాటలో ఆగిపోయింది.

"అయ్యో, గోల ఎక్కువైందా? సారీ సారీ. ఒరేయ్, నోళ్ళు మూయండ్రా, ఆవిడకి ఇబ్బందిగా ఉందట." అందరూ ఒక్కసారిగా ఊరుకున్నారు. అక్క గొంతు బాగా తగ్గించి, "తగ్గించేస్తాంలే. నువ్వెళ్ళి ప్రశాంతంగా తిను తల్లీ" అంది.

నాకు ప్రశాంతంగా వద్దు. నాలో మాట తయారై బయటికి రావటానికి కొంతసేపు పడుతుంది. అంతసేపు గుమ్మంలో నిలబడితే ఎదుటివాళ్ళకు ఎబ్బెట్టుగా ఉంటుందని నాకు నేర్పారు. "సరే" అని వెనక్కి వచ్చేశాను. మరుసటి రోజు నుంచి వాళ్ళు నాకోసం గుసగుసగా మాట్లాడుకోవటం మొదలుపెట్టారు. గోడ ఇక నవ్వులను కూడా వదల్లేదు.

ఆ బుధవారం ఉద్యోగాలాయన తన వంతులో "మేడమ్ కొత్త గదికి చక్కగా అలవాటు పడ్డారు" అన్నాడు. అదీ మంచిమాటే. పుచ్చుకున్నాను.

వానలు ముదిరాక, నేను ఒక్కదాన్నీ ఉండి చూడాలని నిర్ణయించారు. పిన్ని నాలుగు రోజులపాటు తన స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. వెళ్ళేముందు గ్యాసు, తాళం, కిటికీలు అన్నీ మళ్ళీ మళ్ళీ చెప్పి నా బుర్ర తినేసింది. గుమ్మం దాటి మళ్ళీ వెనక్కి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టబోయి, నాకు ముట్టుకోవటం ఇష్టముండదని గుర్తొచ్చి, గొడుగు సర్దుకుంది.

పని విషయంలో నాకేమీ లోటు రాలేదు. వండుకున్నాను, తిన్నాను, తోమాను, తాళం వేశాను, తాళం వేసినట్టు చూసుకున్నాను. పాలవాడితో మాట్లాడాను. ఇంట్లోకి జల్లు కొట్టకుండా కిటికీలు మూశాను. ముందుగదిలో పిన్ని కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద ఆవిడ మడత పెట్టకుండా వెళ్ళిన శాలువా ఉంది. నేను మడత పెట్టాను, మళ్ళీ విప్పి అలాగే పడేశాను.

మూడోరోజు సాయంత్రం పాలు పొయ్యి మీద పెట్టి నిలబడ్డాను. అప్పుడు తోచింది నాకు. ఈ పాలు పొంగనిస్తే చాలు. గిన్నె మాడితే చాలు. ఇల్లంతా పొగవాసన వస్తే పిన్ని ఊరి ఆ చివరికి వెళ్ళదు. పోస్టుమాస్టరు గారికి ఒక ఫోన్ చేసి కుదరదంటుంది. నా మీద ఒట్టు, బాధపడను అంటుంది. బుధవారాలు కూడా ఆగవు. నేను బాగుపడితేనే కదా అవి ఆగేది. పాలు మెల్లిగా పైకి లేచాయి. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. పాలు అంచుదాకా వచ్చాయి. నా చెయ్యి దానంతటదే వెళ్ళి పొయ్యి కట్టేసింది.

ఒక్క చుక్క కూడా కిందపడలేదు. అందరూ మెచ్చుకున్న నా బలమే నా కొంప ముంచింది.

కాసేపటికి పిన్ని ఫోన్ చేసింది. "ఎలా ఉన్నావే? అంతా సరిగ్గా ఉందా?"

"అంతా సరిగ్గా ఉంది."

"పాలు కాచుకున్నావా?"

"కాచాను. పొంగలేదు."

"నా తల్లే! నువ్వు ఉండగలవే. నేనే ఊరికే భయపడి చచ్చాను." పిన్ని గొంతు తేలికపడింది. ఎన్నో ఏళ్ళ మోత దించినట్టు ఉంది ఆ గొంతు. నేను ఫోన్ పెట్టేసి నా గదిలోకి వెళ్ళాను. తలుపు వేయటానికి ఎవరూ లేరు కనుక నేనే వేసుకున్నాను. గొళ్ళెం చప్పుడైంది.

వానలు వెనకపట్టు పట్టిన రోజుల్లో చివరి మీటింగ్ జరిగింది. పిన్నిని కూడా రమ్మన్నారు. ఆవిడ కొత్త చీర కట్టుకుని, చేతిసంచీ ఒళ్ళో గట్టిగా పట్టుకుని బల్ల చివర కూర్చుంది. బయట గోడలు ఆరుతున్నాయి. షాపులో బేరాలు మొదలయ్యాయి.

"ఈరోజు వంతు అయ్యాక ఫైలు మూసేస్తాం" అన్నాడు సైకాలజిస్టు. "ఇంత నిండుగా మూసే ఫైళ్ళు మాకు తక్కువ."

మాటలమ్మాయి నా ఫోన్ల గురించి చెప్పింది. ఉద్యోగాలాయన నా గది గురించి చెప్పాడు. సైకాలజిస్టు నాలుగు రోజుల గురించి చెప్పి, "ఒంటరిగా ఇంత హాయిగా ఉండగలిగిన మనిషిని నేను చూడలేదు" అన్నాడు. పిన్నికి కూడా వంతు ఇచ్చారు. ఆవిడకు మీటింగుల్లో మాట్లాడటం అలవాటు లేదు. "ఇది బంగారమండీ. నన్నెప్పుడూ దేనికీ పిలిచి ఎరగదు" అంది, కళ్ళు ఒత్తుకుంటూ.

తర్వాత నా వంతు. రంగులు సరిగ్గా కలిపానని చెప్పాలి. ఎప్పుడూ అదే చెబుతాను. అందరూ దానికోసం నవ్వుమొహాలు సిద్ధం చేసుకుని చూస్తున్నారు. వాన ఆగినా చూరు నుంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి. నాలో మాట తయారవటానికి కొంతసేపు పట్టింది. ఎబ్బెట్టుగా ఉన్నా సరే అనుకుని అంతసేపూ ఆగాను.

"నాకు మనుషులంటే ఇష్టం" అన్నాను. "నేను మాట్లాడకపోయినా మనుషులున్న చోట కూర్చోవటం ఇష్టం. చెవులు నొప్పెట్టినా ఇష్టం. నాలో ఉన్న మంచి అది."

సైకాలజిస్టు కళ్ళజోడు తీశాడు. ఆయన ముక్కు మీద గుంటలు ఎర్రగా ఉన్నాయి.

"మంచిదమ్మా. కానీ మీరు..."

"సార్" అంది మాటలమ్మాయి. జలుబు గొంతుతో మెల్లిగానే అంది. "వంతులో మంచిమాట కాదనకూడదు."

ఆయన తల ఊపాడు. చాలాసేపు తల ఊపుతూనే ఉన్నాడు. ఉద్యోగాలాయన తన అరచేతులు చూసుకున్నాడు. ఆ చేతులతోనే ఆయన నా గదిలో సామాన్లు మోశాడు.

"కుర్చీ ఒక్కటే వేయించాను" అన్నాడు చివరికి, ఎవరితోనూ కాకుండా.

పిన్ని మాత్రం నా వైపే చూస్తోంది. "మరి తలుపు?" అంది. "నేను రోజూ తలుపు వేసేది నీకోసమే కదే. నీకు అలా ఉంటేనే ఇష్టమని."

"నీకు ఇష్టమేమో అనుకున్నాను" అన్నాను.

ఆ రోజు ఫైలు మూయలేదు. తలా ఒక కాగితం తీసి మొదటినుంచీ రాసుకుంటామన్నారు. మాటలమ్మాయి నన్ను గుమ్మందాకా సాగనంపి, ముందే ఎందుకు చెప్పలేదక్కా అని అడిగింది. నేను షరతు సంగతి చెప్పాను. ఆ అమ్మాయి ముక్కు తుడుచుకుంటూ అక్కడే నిలబడిపోయింది.

ఇంటికి వెళ్ళాక పిన్ని చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. "నేను వెళ్ళను. ఆయనకి చెప్పేస్తాను. నాకు తెలియదే చిట్టీ, ఒట్టు, నాకు తెలియదు."

"వెళ్ళు పిన్నీ."

"ఒక్కదానివీ ఎలా ఉంటావే?"

"ఉండగలను. పాలు కూడా పొంగనివ్వలేదు కదా. ఉండటం చేతనవును, ఉండటం ఇష్టం లేదు. అది వేరు, ఇది వేరు. ఇష్టం లేదని నీకు తెలిస్తే చాలు నాకు."

పిన్ని ఏడ్చింది. నేను ఆవిడ కుర్చీ పక్కన నిలబడ్డాను. తాకటం నాకు కష్టం కనుక ఆవిడ శాలువా అంచు పట్టుకున్నాను. కాసేపటికి ఆవిడ అవతలి అంచు పట్టుకుంది.

రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి సంతకాలకు ఇంకా కొద్దిరోజులు ఉన్నాయి. ఆ కొద్దిరోజులూ పిన్ని నా తలుపు వేయలేదు. సాయంత్రాలు ఆవిడ ముందుగదిలో ఏదో కుట్టుకుంటూ ఉండేది, నేను నా కుర్చీలో కూర్చునేదాన్ని. గుమ్మంలోంచి ఒకరికొకరం కనిపించేవాళ్ళం. పెద్దగా మాటలేమీ ఉండేవి కావు. పోస్టుమాస్టరు గారి ఫోన్ వస్తే పిన్ని కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వేది. ఆవిడ నవ్వు నా చెవుల్లో గుచ్చుకునేది, నేను కదలకుండా కూర్చుని వినేదాన్ని. ఒకే ఇంట్లో అన్నేళ్ళు ఉన్నాం కానీ మేమిద్దరం కలిసి ఉన్నది ఆ కొద్దిరోజులే.

షాపులో నా గదిని మళ్ళీ స్టోరు చేశారు. ఉద్యోగాలాయనే వచ్చి బిల్లింగ్ అక్కతో ఏదో మాట్లాడాడు. నేను చెవుల్లో దూది పెట్టుకుని పొడుగు బల్ల చివర కూర్చున్నాను. అక్క వచ్చి నా ఎదురుగా కూర్చుని, "మేం నోరు కట్టుకోలేం, ముందే చెప్తున్నా" అంది. "కట్టుకోకండి" అన్నాను. కానీ బేరాలు పుంజుకున్నాయి. అందరూ నాలుగు ముద్దలు మింగి పరుగెత్తేవారు. చాలాసార్లు నా డబ్బా సగం కాకముందే బల్ల ఖాళీ అయ్యేది. నా వానాకాలం కబుర్లన్నీ ఆ గోడ తినేసింది.

పిన్ని వెళ్ళిన రోజు సాయంత్రం నేను వండుకుని, తిని, తోమి, తాళం వేసి నా గదిలో కూర్చున్నాను. ఫోన్ మోగింది.

"తిన్నావా?"

"తిన్నాను."

"తాళం?"

"వేశాను."

అవతల పిన్ని వెనక ఎక్కడో పోస్టుమాస్టరు గారు దగ్గటం వినిపించింది.

"నీ గది తలుపు వేసుకున్నావా?"

"లేదు. తీసే ఉంచాను."

"అవతల ఎవరూ లేరు కదే, చిట్టీ."

"లేరు" అన్నాను. ముందుగదిలో దీపం వెలుగుతోంది. పిన్ని కుర్చీ నేను కూర్చున్నచోటి నుంచి సరిగ్గా కనిపిస్తోంది. "అయినా ఉండనీ. నువ్వు ఫోన్ పెట్టెయ్యకు. ఏమీ మాట్లాడకపోయినా ఫర్వాలేదు."

పిన్ని పెట్టెయ్యలేదు.